శాలువాలు తిన్న మేకపిల్ల

కళ అనేది తెర లేచినప్పుడు మొదలై చప్పట్లతో ముగుస్తుందని, ఆ మధ్యలో జరగనిదేదీ కళ కాదని నల్లగొండలోని దక్షిణ పీఠభూమి ప్రదర్శన కళల కేంద్రం ఏనాడో తేల్చేసింది. ఈ విషయంలో మానవాళికి ఇక సందేహాలు ఉండనక్కరలేదు.

అలాంటి కేంద్రానికి, పిల్లల కథలు రాసి బొమ్మలు కూడా తానే వేసుకునే మల్లిక నెల రోజుల ఆతిథ్య కళాకారిణిగా ఎంపికైంది. ఎలా ఎంపికైందో కేంద్రానికీ తెలియదు. (ఏడాది చివర నివేదికలో 'బాలలు' అన్న గడి ఖాళీగా కనబడిందని గిట్టనివాళ్లు అంటారు.)

మర్రిగూడ నుంచి రంగుల డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చిన మల్లికకు కావలసింది ఒక్కటే. ఆమె కొత్త పుస్తకంలో ఒక మేకపిల్ల సన్మాన సభలో దూరి శాలువాలన్నీ తినేస్తుంది. కథ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. చివరి పేజీ దొరకడం లేదు. ఆమె పని తీరే వేరు. బొమ్మలు పిల్లల ముందు పెట్టి చదువుతుంది, వాళ్లు ఎక్కడ నవ్వకపోతే అక్కడ చింపి మళ్లీ గీస్తుంది. నెల తిరిగేసరికి పుస్తకం అచ్చుకు పోవాలి.

ఇన్‌చార్జి డైరెక్టర్ దామోదర్ మొదటి రోజే శాలువా కప్పి, కూర్చోబెట్టి అడిగాడు.

"మీది సోలోనా అమ్మా, బృందమా?"

"నేనొక్కదాన్నే సార్. కథ రాస్త, బొమ్మలేస్త."

"ప్రదర్శన ఎంతసేపుంటది?"

"ప్రదర్శన ఏముండదు సార్. పిల్లలొస్తె చదివి చూపిస్త."

దామోదర్ జాలిగా చూశాడు. "పన్నెండేండ్ల లోపు పిల్లలను మనం లోపలికి రానియ్యమమ్మా. కుర్చీల రెగ్జిన్ చింపుతరు."

ఇది నిబంధన. (అది రాసినప్పుడు కుర్చీలు కొత్తవి. ఇప్పుడు రెగ్జిన్ లేదు, నిబంధన ఉంది.)

కళ కనబడాలి కనుక మల్లిక బల్లను వేదిక నడుమకు చేర్చి, దాని మీద లైటు వేసి, బ్రష్షు చప్పుడు వినబడేలా ముందొక మైకు పెట్టారు. రోజుకో అధికారి వచ్చి ఆమెను ప్రారంభించాడు. జ్యోతి వెలిగించడం, శాలువా కప్పడం, చిన్నప్పుడు తాను కూడా బొమ్మలు బాగా వేసేవాడినని చెప్పడం, ఫొటో దిగడం. మల్లిక దగ్గర బొమ్మలు పెరగలేదు గాని శాలువాలు పెరిగాయి. ఖాళీ కుర్చీలకు చదివి చదివి ఆమె మేకపిల్ల ఆమెకే నచ్చకుండా పోయింది. ఒకరోజు ఏడుపు కూడా వచ్చింది. ఎదురుగా మైకు ఉంది కదా అని ఆపుకుంది.

చివరి వారంలో ఆమె నియమావళి తెప్పించుకుని చదివింది. (కేంద్రం చరిత్రలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే.) పన్నెండేళ్ల నిబంధన ప్రేక్షకులకే. కళాకారుల వయసు గురించి ఎక్కడా ఏమీ లేదు.

"సార్, నాది సోలో కాదు. బృందమే," అంది మల్లిక మర్నాడు.

దామోదర్ మొహం వెలిగింది. "గట్ల చెప్పాలె గదమ్మా మొదలే. ఏం వాయిస్తరు?"

"పెన్సిళ్లు సార్."

"తాళవాద్యం," అని రాసుకున్నాడు దామోదర్.

ఆ విధంగా ముగింపు సభ రోజున, పక్కవీధి బడి పిల్లలు తమ టీచరు నాగరాణి వెంట కళాకారుల ద్వారం గుండా వేదిక మీదికి వచ్చారు. ఉపన్యాసాలు అయ్యేదాకా తెర లేపకూడదన్నది మరో నిబంధన. తెర ముందు, అధికారుల ఎదుట దామోదర్ మొదలుపెట్టాడు. తెర వెనక, బల్ల మీది మైకు వైరు పీకేసి మల్లిక మొదలుపెట్టింది.

"బాలసాహిత్యం యొక్క ఆవశ్యకత..." అన్నాడు దామోదర్. సరిగ్గా అప్పుడే వెనక మేకపిల్ల మొదటి శాలువా అంచు నమిలింది. పిల్లలు గొల్లుమన్నారు. డైరెక్టరు ఏదో చమత్కరించాడనుకుని అధికారులు కూడా నవ్వారు. ఇన్నేళ్ల సర్వీసులో దామోదర్ మాటకు ఎవరూ నవ్వి ఎరగరు. ఆయన కాగితం పక్కన పెట్టేసి తన బాల్యంలోకి దిగాడు.

తెర వెనక, మూడో తరగతి కోమల చెయ్యెత్తింది. "మేడం, శాలువాలన్ని అయిపోయినయ్ గద. గా మేకపిల్ల ఇంక మైకు తింటదా?"

మల్లిక బల్ల మీది మైకు వైపు తిరిగింది. నెలంతా ఆ మైకు ఆమె ముక్కు ముందే ఉంది.

"తింటది బిడ్డా," అని అక్కడికక్కడే గీసింది. మైకు నములుతున్న మేకపిల్ల, దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ పెద్దమనిషి. పిల్లలు వేదిక మీద దొర్లి దొర్లి నవ్వారు. చివరి పేజీ దొరికింది. మల్లిక ఆ సంతోషంలో కళ్లు తుడుచుకుంటూ తాను కూడా నవ్వింది.

తెర లేవనే లేదు. ఉపన్యాసం ముగిసేసరికి బడి వదిలే వేళ దాటిపోయి పిల్లలు ఇళ్లకు చేరారు. డైరెక్టరు గారి ప్రసంగానికి తెర వెనకనున్న బాలలు సైతం నవ్వు ఆపుకోలేకపోయారని కేంద్రం పైకి నివేదిక పంపింది.

ఆ నివేదిక ఆధారంగా, వచ్చే ఏడాది ఆతిథ్యానికి బాలల రచయితగా, చిత్రకారుడిగా దామోదర్‌నే ఎంపిక చేశారు. ఆయన పుస్తకంలో బొమ్మలుండవు, ఆయన ఫొటోలుంటాయి. ఆవిష్కరణ సభకు పన్నెండేళ్ల లోపు వారికి ప్రవేశం లేదు. తెర వెనక నవ్వడానికి మాత్రం హాజరు తప్పనిసరి.