ఇసుక దిబ్బలో జీన్సు కాళ్లు

ఆ ఆదివారం నేరప్రపంచం కాళ్లు బార్లా చాపుకుని నిద్రపోవచ్చు. ఎందుకంటే డిటెక్టివ్ విజయభాస్కర్ సెలవులో ఉన్నాడు. ఈ సంగతి అతనే ప్రకటించాడు, కణేకల్లు పోయే బస్సులో, నిండా జనం వింటుండగా.

"రెండు టికెట్లన్నా. ఒకటి మామూలు మనిషికి, ఇంగొకటి మేధావికి."

"మేధావులకు అర టికెట్టు లేదప్పా. చిల్లర తీయ్," అన్నాడు కండక్టరు.

పక్కన కూర్చున్న మామూలు మనిషి, అంటే అతని పెళ్లాం మహేశ్వరి, కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో విజయభాస్కర్ చెకర్. వారానికి ఆరు రోజులు ప్యాంట్లలో తప్పులు పట్టుకుంటాడు, ఏడో రోజు మనుషుల్లో. పక్కింటి పాలప్యాకెట్టు మాయమైనా, పెళ్లిలో చెప్పులు తారుమారైనా అతనికి అది రక్తం గడ్డకట్టించే రహస్యమే. పెళ్లయిన ఆరేళ్లలో ఆదివారాలన్నీ అట్లాగే హరించుకుపోయాయి. పోనీ ఒక్క కేసైనా తేలిందా అంటే, అదీ లేదు.

హగరి ఏటి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయంట, అచ్చం ఎడారేనంట, ఒక్కరోజు పోయి పొద్దు మునిగేదాకా ఊరికే కూర్చుని వద్దామని ఆమె అడగ్గా అడగ్గా ఇప్పటికి ఒప్పుకున్నాడు. తల మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాడు, ఈ ఒక్క రోజు కేసుల్లేవని. ఊటీ అక్కర్లేదు, మైసూరు అక్కర్లేదు. మహేశ్వరికి ఆ ఒక్కరోజు చాలు. అది మాత్రం ప్రాణం పెట్టి కావాలి.

దిబ్బలు నిజంగానే బాగున్నాయి. ఆషాఢం గాలికి ఇసుక సన్నగా పాకుతోంది. ఇద్దరూ చిత్రాన్నం తిన్నారు. ఉడకబెట్టిన శనక్కాయల సంచి విప్పారు. విజయభాస్కర్ పూర్తిగా ఇరవై నిమిషాల పాటు భర్తలాగే ప్రవర్తించాడు. ఆ తర్వాత అతని గొంతు మారిపోయింది.

"మహేశ్వరీ. అదరొద్దు. బెదరొద్దు. ముఖ్యంగా వెనక్కి తిరగొద్దు."

ఆమె వెంటనే వెనక్కి తిరిగింది.

పదడుగుల దూరంలో, దిబ్బ వాలులో, రెండు కాళ్లు. నీలం జీన్సు ప్యాంటు. నడుము పైభాగమూ పాదాలూ ఇసుకలోనే ఉన్నాయి.

"అమ్మో!" అంది మహేశ్వరి.

"నేను సెలవు పెట్టినా నేరం సెలవు పెట్టలేదు," అన్నాడు విజయభాస్కర్. ఆ మాట అనడానికి ఎన్నేళ్లుగా ఎదురుచూశాడో పాపం. జేబులోంచి యూనిట్లో కుట్లు చూసే భూతద్దం తీసి, ఆ కాళ్ల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, మోకాళ్ల దగ్గర చతికిలబడ్డాడు.

"నడుము ముప్పైనాలుగు. మా యూనిట్లో కుట్టిన సరుకే. చూడు, మోకాళ్ల దగ్గర ఒక్క ముడత లేదు. అంటే ఏమి?"

"ఏమి?"

"ఈ మనిషి జన్మలో ఒక్కసారి కూడా కూర్చోలేదు!"

మహేశ్వరికి ఎక్కడో చిన్న అనుమానం మొదలైంది.

"బట్ట ఒక్కసారీ ఉతకలేదు. జేబులో చెయ్యి పెట్టిన గుర్తు లేదు. తొడలకాడ రాపిడి లేదు, అంటే నడిచిందీ లేదు. కూర్చోడు, నడవడు, జేబులో చెయ్యి పెట్టడు. ఎవురో చానా పెద్దింటి మనిషి మహేశ్వరీ! పనులన్నీ ఇంగొకరితో చేయించుకునేటోడు."

"ఒకసారి పట్టి లాగి చూడరాదా?"

"ముట్టుకుంటే కేసు సస్తాది."

"మనిషే సచ్చినాడంటివి. ఇంగ కేసు సస్తే ఏమి?"

విజయభాస్కర్ అప్పటికే నేల మీదికి వంగాడు. ఇసుక మీద అతనికి అడుగుజాడలు కనిపించాయి. "మూడు వరసలు! ముగ్గురు హంతకులు! ముగ్గురూ ఒకే రకం చెప్పులు వేసుకుని మనల్ని తప్పుదోవ పట్టించాలని చూసినారు." ఆ చెప్పులు అతనికి పోయిన నెల మహేశ్వరే కొనిచ్చింది. గాలికి జాడలు చెరిగిపోకుండా అతను సంచిలోని శనక్కాయలన్నీ తీసి అడుగుకొకటి పెట్టుకుంటూ పోయాడు.

"పా. కణేకల్లు స్టేషనుకు పోదాం," అన్నాడు చేతులు దులుపుకుని.

మహేశ్వరి లెక్క వేసుకుంది. స్టేషనంటే పోలీసులు, జీపు, వాంగ్మూలం. పొద్దు మునిగేది స్టేషను బెంచీ మీదే.

"ఆరేండ్లాయ," అంది. "ఆరేండ్లకు ఒక్క పొద్దు అడిగినా నిన్ను. దండిగా అడిగినానా? ఒక్క పొద్దు. అదీ శవానికి ఇచ్చేస్తాండావు."

విజయభాస్కర్ ఆమె వంక చూశాడు. కాళ్ల వంక చూశాడు. ఆ మాట సూటిగానే తగిలింది, ముఖం వాడింది కూడా. "న్యాయం..." అని ఏదో మొదలుపెట్టాడు.

ఈలోగా దిబ్బ అవతలి నుంచి మేకలొచ్చాయి. మొదటి మేక మొదటి శనక్కాయ తింది. తర్వాత రెండోది.

"ఓయ్! ఆధారాలు! ఆధారాలు తింటాండాయి!" అని విజయభాస్కర్ పరుగెత్తాడు. మేకలు వరస తప్పలేదు. మూడు వరసల హంతకుల్ని నమిలేసి శవం దగ్గరికి చేరాయి. అందులో ఒకటి ప్యాంటు కాలు పట్టి లాగింది. కుట్టు పర్రున చిరిగింది. లోపలి నుంచి రక్తం రాలేదు, మాంసం రాలేదు. ఎండిన శనక్కాయ కట్టె వచ్చింది, కాయలు తెంపాక మిగిలే మేత. మేకలన్నీ పండగ చేసుకున్నాయి.

"హే, దీని మొగం మండ!" అంటూ కర్ర పట్టుకుని ఒక ముసలామె పరుగున వచ్చి, ఆ కాళ్లు చూసి ఠక్కున ఆగిపోయింది. "ఓయమ్మా! ఇది మా చేనులో దిష్టిబొమ్మ కదా!"

ఆమె పేరు బయమ్మ. దిబ్బ కింద ఉన్నది ఆమె చేనే. రెండేళ్ల కింద ఇసుక వచ్చి మీద పడింది. యూనిట్లో పనికిరాదని పారేసిన ప్యాంటుకు కట్టె కుక్కి, చేను మూల హద్దురాయికి ఆ బొమ్మను కట్టారట.

"రాయి యాడుండాదో తెలీక మా ఇంటాయన బాలప్ప రెండేండ్లుగా దిబ్బలన్నీ తవ్వతాండాడు. రేపు సర్వేయరు వస్తాడు. రాయి చూపియ్యకపోతే చేను మాది కాదంటారని రాత్రి అన్నం తినలేదు." బయమ్మ వంగి బొమ్మ నడుము దగ్గర ఇసుక తోసింది. తాడు. తాడు కింద రాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "యా దేవుడు పంపినాడో నాయనా నిన్ను!"

"పద్ధతి ప్రకారం పోతే దొరకనిదంటూ ఉండదమ్మా," అన్నాడు విజయభాస్కర్, గడ్డం కింద భూతద్దం పెట్టుకుని.

మహేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అట్లయితే ఇంగొకటి కూడా చూడప్పా," అంది బయమ్మ ఆశగా. "మా కోడిపెట్ట మూడు దినాలుగా కనపడదు. కట్టిన తాడు తెగి పడుండాది. ఎవుర్ని అడిగినా నోరు మెదపరు. రవ్వంత వచ్చి చూసి పోరాదా?"

విజయభాస్కర్ కళ్లు వెలిగిపోయాయి. ఇన్నేళ్లలో ఒక మనిషి తనంతట తాను వచ్చి కేసు ఇవ్వడం ఇదే మొదలు. భూతద్దం చొక్కాకు తుడిచాడు. మహేశ్వరి ముందే అనాల్సింది అనేసింది. పడమటి దిక్కు ఎర్రబడుతుంటే చూస్తూ నిలబడింది.

అతను భూతద్దం దించాడు. "లేదమ్మా. ఈ పొద్దు సెలవు. ఒట్టేసినా."

బయమ్మ మేకల్ని తోలుకుని, హద్దురాయి మొగుడికి చూపించాలని ఊరివైపు వడివడిగా వెళ్లిపోయింది. ఇద్దరూ దిబ్బ కొసన కూర్చున్నారు. విజయభాస్కర్ భూతద్దం జేబులో పెట్టేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, బుద్ధిగా, సూర్యుడినే చూస్తూ కూర్చున్నాడు. మహేశ్వరికి కడుపు నిండిపోయింది. ఆరేళ్లుగా అడిగింది ఇదే.

కాసేపయ్యాక ఆమె అంది, "తాడు తెగిందన్నాదా ఆయమ్మ, కోసినారన్నాదా?"

"మహేశ్వరీ."

"కాదప్పా, కుక్క కొరికింటే పీచులు పీచులుగా ఉంటాది. కత్తితో కోసింటే నున్నగా..."

"ఊరుకో. పొద్దు మునుగుతాండాది, చూడు."

ఆమె చూసింది. చాలా బాగుంది. ఎర్రగా, గుండ్రంగా, నిదానంగా ఇసుకలోకి దిగిపోతోంది.

"ఆయమ్మ ఇల్లు యాడో అడగనే లేదు మనము," అంది మహేశ్వరి.