బురుల్చా మడమ నేల విడువని ఉదయము

హిమకిరీటధారులైన పర్వతరాజులు నలుదిక్కుల కావలి కాయుచుండగా, గొర్రెల అరుపులే మంగళవాద్యములై మ్రోగుచుండగా, సూసమిర్ మేతబయళ్లకు మందలు చేరిన నలువదవ నాటి ప్రాతఃకాలమున, సూర్యభగవానుడు ఉన్ని గుడారముల నెత్తిన కాలు మోపిన శుభముహూర్తమున, శతాశ్వక్షీరదోహనధురంధర, కిర్గిజ్ కులదీపిక బురుల్చా కొయ్యబాల్చీ చేతబట్టి రణరంగమునకు బయలుదేరెను. శత్రువెవరందురా? ఆమె ఎడమ చీలమండ!

గుర్రపు పాలు పితుకుట సామాన్యమా! కుడి మోకాలు నేలకానించి, ఎడమది ముందుకు నిలిపి, ఆ తొడపై బాల్చీ ఉంచి, గుర్రము వెనుకకాలి చుట్టూ చేయి పోనిచ్చి పితుకవలెను. ఈ వేసవిలో బురుల్చా అట్లు కూర్చున్నంతనే తుంటి పక్కకు ఒరుగును, నడుమున పిడుగు పడును, బాల్చీ బోర్లపడును. బంధుకోటి ఏకకంఠమున నడుమును నిందించెను. దానికి గొర్రెకొవ్వు పట్టించిరి. అది చాలదని అమాయక మేషమొకదానిని కోసి, వెచ్చని తోలు నడుముకు చుట్టిరి. నొప్పి పోలేదు, గొర్రె మాత్రము పోయినది.

అప్పుడు వచ్చెను సాదిర్ వృద్ధుడు, కుంటి గుర్రములకు వైద్యుడు. ఆయన నడుము వంక కన్నెత్తి చూడక, వెనుకనుండి వచ్చి, గిట్టను పట్టినట్లే ఆమె పాదమును పట్టి పైకెత్తెను.

"అయ్యో మావయ్యా, నేను గుర్రాన్నా?"

"గుర్రమైతే తన్నేది, నువ్వు అరుస్తున్నావ్, అంతే తేడా. ఈ చీలమండ ఎప్పుడైనా బెణికిందా?"

"మూడేళ్ళ కింద కలుగులో కాలు పడింది. ఎప్పుడో తగ్గిపోయిందిగా!"

"నొప్పి తగ్గింది, వంగడం మానేసింది. అది వంగకపోతే తుంటి ఒరుగుతుంది. ఒరిగిన తుంటిని మోయలేక నడుం చస్తోంది. పాపం, దాన్నెందుకు తిడతారు? గోడకి నాలుగు వేళ్ళ దూరంలో పాదం పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకి ఆనించు. పొద్దున ముప్ఫై, సాయంత్రం ముప్ఫై."

అంతట ఇరువది దినములు గుడారపు గోడతో ఘోరసంగ్రామము జరిగెను. మోకాలు ముందుకురుకును, మడమ ద్రోహియై పైకి లేచును, బురుల్చా దానిని బూతులతో కిందికి దింపును. గోడ అదిరినప్పుడెల్ల లోపల కూర్చున్న తోటికోడలు కాలిపా ఒడిలో చాయ్ ఒలుకును.

కనుకనే నేడు కాలిపా, గుర్రప్పిల్లను మెడబట్టి నిలిపి, మేఘగంభీరస్వరమున ఇట్లు గర్జించెను: "ఏమే చెల్లీ, ఇవాళ కూడా గడ్డికే తాగిస్తావా? ఒలికిందంటే బాల్చీ నాది. నువ్వెళ్ళి పొయ్యి దగ్గర పిల్లల ముక్కులు తుడుచుకో."

బురుల్చాకు నిజముగా భయము వేసినది. కోడలిగా అడుగిడిన నాటినుండి ఈ బయలులో తనదని చెప్పుకొనుటకు ఆ బాల్చీ ఒక్కటే ఉన్నది.

ఆమె కూర్చుండెను. మోకాలు వ్రేళ్లను దాటి ముందుకు సాగెను. మడమ వణికెను.

"లేస్తోంది! లేస్తోంది!"

"నీ నోరే లేస్తోందక్కా. పిల్లని సరిగ్గా పట్టుకో!"

క్షీరధారలు బాల్చీ అడుగున యుద్ధభేరి మ్రోగించెను. అంతలో జోరీగ యొకటి గుర్రము పొట్టపై వ్రాలెను, గుర్రము కాలు విదిల్చెను, బాల్చీ ఊగెను, లోకములు ఊపిరి బిగబట్టెను. తుంటి ఒరగలేదు. కాలిపా నమ్మక, నేలపై బోర్లా పడుకొని, ఆ మడమ క్రింద గడ్డిపోచ దూర్చి చూచెను. దూరలేదు. మరల సన్నని పోచ తెచ్చి దూర్చెను. అదియును విరిగెను.

"సరేలేవే," అని ఆమె మోకాళ్లు దులుపుకొని లేచెను. "బాల్చీ నీదే. ఏడ్చావ్!"

పర్వతములారా, మందలారా, చెవులు రిక్కించి వినుడు! పితికినవి నాలుగు గిన్నెల పాలు. ఒలికినది శూన్యము. ఆ ఉదయమున బురుల్చా ఎడమ మడమ, గడ్డిపోచంత ఎత్తైనను, నేలను విడువలేదు!