అబ్బాయికి వంటిల్లు

ఆ గురువారం పొద్దున పెద్దావిడ పెట్టుకున్న పని చాలా మామూలుది. వంటింటి అరల్లో డబ్బాలన్నీ దింపి, తుడిచి, మళ్లీ ఎక్కడివక్కడ సర్దాలి. మొత్తం ముప్పై ఏడు డబ్బాలు. ఏ డబ్బాలో ఏముందో, దేని పక్కన ఏది ఉండాలో లోకంలో ఆవిడ ఒక్కతెకే తెలుసు. కోడలు కాపురానికొచ్చి ఆరేళ్లయినా పంచదార కావాలంటే ఇప్పటికీ అడగాల్సిందే. అడిగితే పెద్దావిడ కాదనదు. కాకపోతే తనే తీసి ఇస్తుంది.

ఆ పూట ఇంట్లో ఉన్న మరో మనిషంటే పెద్దాయనే. బస్సు డిపోలో టైంకీపరుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయన వరండాలో కూర్చుని, వీధిలో వెళ్లేవాళ్లు నిన్నటికంటే ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో లెక్క చూస్తుంటాడు. కోడలు నాలుగేళ్ల బుజ్జిగాణ్ని బడిలో దింపి, అటునుంచటే మందుల షాపులో డ్యూటీకి వెళ్లిపోయింది. రంగుల షాపులో రంగులు కలిపే కొడుకు కూడా పనికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఫోన్ టేబుల్ మీద మరిచిపోయాడు. అది పదిన్నరకు మోగింది.

"హలో, అబ్బాయి వాళ్ల అమ్మగారేనా?" అంది అవతలి గొంతు.

"అవును బాబూ, అమ్మనే," అంది పెద్దావిడ. ముప్పై అయిదేళ్లొచ్చినా ఆవిడకు అబ్బాయంటే తన కొడుకే. మనవడు బుజ్జిగాడు.

"మీ అబ్బాయి వంటిల్లు రెడీగా ఉందండీ. నీలం రంగుది అడిగారు గానీ మా దగ్గర గులాబీ రంగుదే ఉంది. మూడింటికి వ్యానులో పంపించేస్తాం. బిగించే పని కూడా మావాళ్లే చూసుకుంటారు."

"వంటిల్లేమిటి బాబూ?"

"అదేనండీ, అబ్బాయి సొంతంగా వండుకోవడానికి. ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాడట కదా. రెండు పొయ్యిలు, సింకు, ఓవెన్, అన్నీ ఉన్నాయి. ఇకమీదట వంటింట్లో మీ కాళ్లకి అడ్డం పడడు, హాయిగా ఉండండి."

ఫోన్ చేసినవాడు బొమ్మల దుకాణం మనిషి. అతని దృష్టిలో అబ్బాయంటే బుజ్జిగాడు, అమ్మగారంటే బుజ్జిగాడి తల్లి. ఇదంతా మనకు తెలుసు. అతను దుకాణం పేరు చెప్పలేదు కాబట్టి పెద్దావిడకు తెలియదు. ఆవిడకు అర్థమైంది ఒక్కటే. కొడుకు వేరు కుంపటి పెడుతున్నాడు. పెట్టేవాడు పెడుతూ తల్లితో ఒక్క ముక్కైనా అనలేదు. పైగా ఇంత గుండెలు పగిలే కబురును అంత తీయగా చెప్పి, హాయిగా ఉండమన్న ఆ మనిషిని తలుచుకుంటే ఆవిడకు ఏడుపు కంటే ముందు ఆశ్చర్యమే వచ్చింది.

కొడుకు వెళ్తే బుజ్జిగాడూ వెళ్తాడు. పొద్దున్నే వచ్చి ఒళ్లో పడే ఆ వెచ్చటి మూట ఇక ఉండదు. ఆవిడ డబ్బాల మధ్యే కూలబడి, "ఏవండీ," అని పిలిచింది.

పెద్దాయన అంతా విని గడియారం చూశాడు. "మూడింటికా? ఇంకా నాలుగు గంటల ఇరవై నిమిషాలుంది. అయినా వంటిల్లు ఎక్కడ బిగిస్తారు? మేడ మీద పోర్షన్ తప్ప ఇంకెక్కడుంది?"

మేడ మీద ఏడేళ్లుగా ఒక దర్జీ అద్దెకుంటున్నాడు. పెద్దాయన మెట్లెక్కి వెళ్లి, "ఖాళీ చేస్తున్నట్టు మాతో ఒక్కమాటైనా చెప్పలేదేం?" అని అడిగి దిగొచ్చేశాడు. ఆయన అడిగింది ప్రశ్నే. దర్జీకి మాత్రం అది మర్యాదగా ఇచ్చిన నోటీసులా వినిపించింది. అతను కళ్లు తుడుచుకుని కత్తెరలు మూటకట్టడం మొదలుపెట్టాడు.

ఈలోగా పెద్దావిడ తమ్ముడికి కబురు పెట్టింది. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసినవాడు. చుట్టాల్లో ఏ ఇల్లు విడిపోతున్నా పిలవకపోయినా వెళ్తాడు, ఇక పిలిస్తే ఆగుతాడా? పావుగంటలో వచ్చి అక్క చెప్పిందంతా విన్నాడు.

"గులాబీ రంగన్నాడా?" అన్నాడు. "అయితే ముదిరిపోయిందక్కా. కోపంతో వెళ్లేవాడు రంగు చూసుకోడు. రంగు దాకా వచ్చారంటే ఏడాది నుంచీ అనుకుంటున్నారన్నమాట."

తమ్ముడి తెలివికి పెద్దావిడ ఆ దుఃఖంలోనూ అబ్బురపడింది. "మరిప్పుడేం చెయ్యాల్రా?"

"వాళ్లు అడిగేలోపు నువ్వే ఇచ్చెయ్యి. నీ వంటిల్లు కోడలికి అప్పగించెయ్యి. ఇక వేరే వంటిల్లుతో పనేముంటుంది?"

పెద్దావిడ ముప్పై ఏడు డబ్బాల వంక చూసింది. తర్వాత గోడ మీద బుజ్జిగాడు పెన్సిలుతో గీసిన గీతల వంక చూసింది. "సరే," అంది.

రెండున్నరకు కొడుకు వచ్చాడు. వ్యాను మూడింటికని దుకాణంలో ముందే చెప్పారు కాబట్టి, అది వచ్చేసరికి ఇంట్లో ఉండాలని సెలవు పెట్టి వచ్చాడు. చంకలో ఒక రంగు డబ్బా ఉంది. అతని బెంగ వేరు. వంట బొమ్మలంటే బుజ్జిగాడికి పిచ్చి, అది తండ్రికి ముద్దే. కానీ మగపిల్లాడికి గులాబీ రంగు వంటిల్లేమిట్రా అని పెద్దాయన పదిమందిలో నవ్వుతాడేమోనని భయం. నీలం దొరక్కపోతే గుట్టుచప్పుడు కాకుండా పెరట్లో పెట్టి నీలం పూసేద్దామనుకున్నాడు. తీరా చూస్తే హాల్లో ముగ్గురు పెద్దవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు.

"ఏరా, గులాబీ రంగట?" అన్నాడు పెద్దాయన.

కొడుకు చంకలోని డబ్బాను వెనక్కి దాచుకున్నాడు. "నీలమే అడిగాను నాన్నా. మీకు తెలిసేలోపు మీద నీలం పూసేద్దామనుకున్నా."

"మాకు తెలిసేలోపు," అంది పెద్దావిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"రంగు మాట తర్వాత," అన్నాడు మేనమామ. "అసలు వంటిల్లెందుకు అల్లుడూ?"

పొద్దున్నుంచీ సిగ్గుపడుతున్న మనిషికి ఆ ప్రశ్నతో ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎందుకేమిటి మామయ్యా? మగపుట్టుక పుడితే వండుకోకూడదా?"

"వండుకోవద్దని ఎవరన్నారు? అమ్మ వంటిల్లుందిగా."

"అమ్మ వంటింట్లోనా? అక్కడ ఎవర్నైనా గరిటె ముట్టుకోనిస్తుందా? మీ కోడలికి పంచదార డబ్బా ఏదో ఈరోజుకీ తెలీదు."

ఆ ఇంట్లో ఆ మాట పైకి అన్నవాళ్లలో అతనే మొదటివాడు. అన్నందుకు అందరికంటే అతనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. నోరు తెరిచాక ఇక మూతపడలేదు.

"గులాబీ అయితే ఏమైంది? రోజుకి వంద రంగులు కలుపుతాను. తెల్లరంగులో నాలుగు చుక్కలు ఎరుపు వేస్తే గులాబీ. అందులో ఆడా మగా ఎక్కడున్నారో ఇన్నేళ్లలో నాకు కనపడలేదు. నీలం పూయను. గులాబీదే ఉంటుంది, ఈ ఇంట్లోనే ఉంటుంది." అంటూ డబ్బాను కుర్చీ కిందికి తోసేశాడు.

'ఈ ఇంట్లోనే' అన్న మాట పెద్దావిడ చెవికెక్కలేదు. అప్పుడే బుజ్జిగాణ్ని భుజాన వేసుకుని కోడలు గుమ్మంలోకి వచ్చింది. వాడు ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నాడు. పెద్దావిడ లేచి వాణ్ని అందుకుని సోఫాలో పడుకోబెట్టింది. కోడలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది.

"ఇదిగో పంచదార. ఇవి పప్పులు. ఇప్పట్నుంచి ఈ వంటిల్లు నీదే. ఏ డబ్బా ఎక్కడ పెట్టుకున్నా అడగను. మమ్మల్ని మాత్రం వదిలిపెట్టి పోకండమ్మా."

చివరి మాట కోడలికి అర్థం కాలేదు. మొదటివన్నీ చక్కగా అర్థమయ్యాయి. ఎందుకు, ఏమిటి అని అడిగితే అత్తగారి మనసు మారుతుందేమోనని, "అలాగే అత్తయ్యా," అనేసింది. వెనకే వచ్చిన మేనమామ సాక్షిగా తలూపాడు.

మూడు కొట్టేసరికి వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు ఒక అట్టపెట్టెను అలవోకగా మోసుకొచ్చి హాల్లో దించారు.

"వంటిల్లంతా ఇందులోనే ఉందా?" అన్నాడు పెద్దాయన.

"సింకుతో సహా ఉందండీ," అన్నాడొకడు.

ఈ కాలపు పనితనానికి పెద్దాయన, మేనమామ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరవై నిమిషాల్లో బిగింపు అయిపోయింది. గులాబీ రంగు తలుపులు, రెండు పొయ్యిలు, తిరిగే కుళాయి. పెద్దావిడ దగ్గరికెళ్లి నిలబడింది. పొయ్యి ఆవిడ మోకాలి దగ్గరే ఆగిపోయింది.

"కింద కూర్చుని వండుతారు కాబోలు," అన్నాడు మేనమామ.

ఆ మాటల చప్పుడికి బుజ్జిగాడు లేచాడు. కళ్లు నులుముకుంటూ వచ్చి ఆ వంటింటిని రెండు చేతులా కావలించుకున్నాడు. "నా వంటిల్లు," అన్నాడు. తర్వాత తండ్రి వైపు తిరిగి, "గులాబీదే తెచ్చావా? నీలం తెస్తావేమో అనుకున్నా నాన్నా," అన్నాడు. తండ్రి వాడి తల నిమిరాడు.

పెద్దావిడకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. మోయలేనంత సంతోషం ముంచుకొచ్చింది. కొడుకు ఎక్కడికీ పోవడం లేదు. సరిగ్గా అప్పుడే దర్జీ కుట్టుమిషనుతో మెట్లు దిగి వచ్చి, గులాబీ వంటింటిని కిందా మీదా చూశాడు. "ఇది పెట్టుకోవడానికా అయ్యా నన్ను పొమ్మన్నారు?" అన్నాడు. పెద్దాయన మిషను రెండో వైపు పట్టుకుని మేడ మీదికి మోశాడు.

సంతోషం కాస్త సర్దుకున్నాక పెద్దావిడకు తన వంటిల్లు గుర్తొచ్చింది. తొంగి చూసింది. ముప్పై ఏడు డబ్బాలూ కొత్త వరసలో కూర్చుని ఉన్నాయి. పంచదార గుమ్మం పక్కకు వచ్చేసింది. మాట సాక్షితో సహా ఇచ్చింది కదా, ఏమనగలదు? ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఆవిడకు చేతినిండా ఖాళీ దొరికింది. వచ్చి హాల్లో చతికిలబడింది.

బుజ్జిగాడు వంట మొదలుపెట్టాడు. ఎవరూ నేర్పలేదు. చేతులు కడుక్కున్నట్టు కుళాయి కింద తిప్పాడు, కొంగు లేదు కాబట్టి చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. చెక్క క్యారట్టు తరిగి గిన్నెలో వేశాడు, మూత పెట్టాడు, ఆవిరి మొహానికి కొట్టినట్టు వెనక్కి జరిగాడు. నలభై ఏళ్లుగా తాను చేసే పని ఇంత అందంగా ఉంటుందని పెద్దావిడ అప్పుడే చూసింది. మేనమామ కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుని చూస్తున్నాడు.

"నానమ్మా, నువ్వు నాకు సాయం చెయ్యి. కలుపు," అన్నాడు వాడు.

ఆవిడ ఒద్దికగా జరిగి కూర్చుని ఖాళీ గిన్నెలో గరిటె తిప్పింది. వాడు అరచేతిలో చుక్క వేయించుకుని, కళ్లు మూసుకుని చప్పరించాడు.

"ఉప్పెక్కువైంది నానమ్మా."

మేడ దిగి వస్తున్న పెద్దాయన మెట్టు మీదే ఆగిపోయాడు. కోడలు వంటింటి గుమ్మంలో, కొడుకు కుర్చీ పక్కన కొయ్యబారిపోయారు. పెద్దావిడ గరిటె వంక, మనవడి వంక మార్చి మార్చి చూసింది.

"ఎంత తగ్గించమంటావు బాబూ?" అంది.

ఉప్పెక్కువైందన్న ఆ ఒక్క మాట అనడానికి పెద్దాయన పెళ్లయిన మర్నాటి నుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నాడు.