తేనెపట్టు, పట్టుశాలువా

“తేనెటీగ మనకు అతిథి కాదు, ఆత్మబంధువు! దాన్ని ఇంటి నుంచి వెళ్లగొట్టేవాడు మనిషే కాదు!”

వడమాలపేట ప్రకృతి పరిరక్షణ సమితి అధ్యక్షుడు గిరిప్రసాద్ మైకు అదిరేలా ఈ మాట ప్రకటించి, చప్పట్లు మూటగట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆత్మబంధువులు రానే వచ్చి ఉన్నారు. మేడ మీద వసారా కప్పుకు చేటంత తేనెపట్టు! నల్లగా, గుయ్యిమంటూ!

“మునీ! కిరోసిన్ యాడుండాది? పాతగుడ్డలు తే, పొగబెడదాం!” అన్నాడు.

“పొగబెడితే వీధి వీధినంతా కుడతాయి,” అంది భార్య మునిలక్ష్మి. “మామిడిపూతకు వచ్చినాయి. పూతయిపోతే అవే పోతాయి.”

ఈలోగా ఎదురింటి కృపామణి పట్టును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ‘చెప్పిందే చేసే మహానుభావుడు!’ అని ఊరంతా దండాల బొమ్మలు పంపింది. ఇంకేముంది! పొగబెట్టే దారి మూసుకుపోయింది.

మునిలక్ష్మి వసారా తలుపుకు గడియ పెట్టింది. చీకటి పడ్డాక ఆ పక్క దీపం వేయలేదు. బట్టలు పెరట్లో ఆరేసింది, వచ్చేవాళ్లకు పెరటి దోవ చూపింది. ఈగలు వాటి పని చేసుకున్నాయి, ఆమె తన పని చేసుకుంది. గిరిప్రసాద్ మాత్రం మండుటెండలో రెయిన్‌కోటు తొడిగి, హెల్మెట్ పెట్టుకుని పాలప్యాకెట్‌కు పోతూ, “అవి నా బిడ్డలప్పా!” అని ఫోన్లో అందరికీ చెప్పేవాడు.

సమితి మురిసిపోయింది. ‘మధుమిత్ర’ బిరుదు, పట్టుశాలువా! సన్మానం ఆ తేనెపట్టు ఎదుటే!

గిరిప్రసాద్‌కు జ్వరం వచ్చింది.

సన్మానం రోజు పొద్దున మునిలక్ష్మి పైకి చూసి, “అన్నీ లేచిపోయినాయి. ఉత్త పట్టే ఉండాది,” అంది.

జ్వరం అక్కడికక్కడే దిగింది. “ఎవురికీ చెప్పొద్దు!” అంటూ ఆయన ఒళ్లంతా సెంటు కొట్టుకున్నాడు.

జనం భయంతో దూరంగా వీధిలో నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, గిరిప్రసాద్ మేడెక్కి ఖాళీ పట్టును అరచేత్తో నిమిరాడు. ఈలలే ఈలలు! కిందికి దిగగానే ముఖ్య అతిథి, పుత్తూరులో కల్యాణమంటపం నడిపే జయరామ్, శాలువా కప్పాడు.

“అన్నా, మా మంటపంలో దీనికి రెండింతల పట్టుండాది. ఎల్లుండి పెళ్లి! మీరొచ్చి ఇట్లే నిమిరి, ఎవురినీ కుట్టొద్దని వాటికి ఒక మాట చెప్పండన్నా!”

“దానికేముందప్పా! బిడ్డలు తండ్రి మాట...”

సెంటు వాసనకు యాడిదో ఒక్క తేనెటీగ వచ్చి శాలువా మీద వాలింది.

“ఓరి నాయనో!”

శాలువా ఒక దిక్కు, చెప్పులు ఒక దిక్కు! మధుమిత్ర ఇంట్లోకి దూకి గడియ పెట్టుకున్నాడు.

మునిలక్ష్మి కదలకుండా నిలబడింది. ఈగ శాలువా మీద అటూ ఇటూ తిరిగి ఎగిరిపోయింది. “పోయింది, రండి! ఉండింది ఒకటే ఈగ. పట్టులోవి పొద్దున్నే పోయినాయి కదా!” అని కేకేసింది.

జనం పైకి చూశారు. తలుపు వైపు చూశారు. కృపామణి కిసుక్కుమంది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు.

“అక్కా, ఇన్నాళ్లూ వాటితో ఎట్లా బతికినారు?” అన్నాడు జయరామ్.

“వాటి పక్కకు పోలేదు, అంతే. మీరూ వంటపొయ్యిలు, మేళం అవతలి పక్కకు మార్చుకోండి. పట్టు ఎదురుగా లైట్లు వేయొద్దండి. జనాన్ని ఇంకో వాకిట్లోంచి పంపించండి.”

జయరామ్ శాలువా దులిపి ఆమెకు కప్పాడు.

తలుపు సందులోంచి గిరిప్రసాద్ గొంతు వినబడింది.

“మునీ! శాలువా నా మీద ఉన్నప్పుడు ఫోటో తీసినారో లేదో, కనుక్కో!”