నలుపు తెలుపు ఫ్లెక్సీ

ఆ రోజు పొద్దున్నే మెర్సీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్రిగూడలో ట్రస్టు వాళ్ల మీటింగుకు పోవాలి, మైకు అందుకోవాలి, పంచాయతీ భవనం మేడ మీద నడుస్తున్న కంప్యూటర్ క్లాసును కింది గదిలోకి దించమని అడగాలి. అంతే. ఆ క్లాసు నడిపేది ట్రస్టే, అదీ వికలాంగుల కోసమే. మెట్లెక్కలేని వాళ్ల చదువును తీసుకుపోయి మేడ మీద కూర్చోబెట్టిన బుర్ర ఎవరిదో గానీ, దానికో దండం.

చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్లకు మెర్సీ కాళ్లు వంగిపోయాయి. చంకకర్రలతో ఇల్లంతా, మూడు చక్రాల స్కూటీ మీద ఊరంతా తిరుగుతుంది. మెట్లు మాత్రం ఆమె వల్ల కాదు. ఈ ఏడు ట్రస్టు తన ప్రచారానికి వికలాంగ యువతీయువకులను అంబాసిడర్లుగా ఎంచుకుంటూ, మర్రిగూడ నుంచి ఆమెను తీసుకుంది. తండ్రి ఇస్రాయేలుకు అది నచ్చలేదు.

"మన కష్టాన్ని బజార్ల పెట్టుడెందుకు బిడ్డా?"

"కష్టం కాదు బాపు, నాకు కావల్సింది అడుగుత."

ట్రస్టు పనులు చూసే బాలకృష్ణ ఆలోచన వేరు. "నువ్వేం మాట్లాడకమ్మా. నిన్ను చూస్తేనే జనం కరిగిపోతరు" అన్నాడు. మెర్సీ ఎర్ర చుడీదార్‌లో పండ్లన్నీ కనబడేట్టు నవ్వుతున్న ఫోటో పంపింది. ఆ నవ్వు మీద ఎవరికి జాలి పుడుతుంది? అందుకని ఆ మహానుభావుడు ఎప్పటిదో ముఖం ముడుచుకున్న ఫోటో ఒకటి వెతికి, అందులో రంగంతా పిండేసి, నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించి బస్టాండు దగ్గర కట్టించాడు.

పెళ్లికి, పుట్టినరోజుకు, పదవికి కట్టే ఫ్లెక్సీల్లో రంగులు కళ్లు చెదరగొడతాయి. రంగు లేదంటే మనిషి లేడనే. ఇది మర్రిగూడలో పసిపిల్లలకు కూడా తెలుసు, ఒక్క బాలకృష్ణకు తప్ప.

చాయ్ హోటల్ తెరుస్తూ చెన్నయ్య దాన్ని చూసి కొయ్యబారిపోయాడు. "అయ్యో, ఇస్రాయేలు బిడ్డ! మొన్ననే గదా నా కాడ చాయ్ తాగిపోయింది!" కింద "మా అంబాసిడర్" అని రాసింది చదవాలని కూడా తోచలేదు. దేవుడి పటానికి తెచ్చుకున్న బంతిపూల దండను ఫ్లెక్సీకి వేశాడు. దండ చూసి పక్క కొట్టు గుర్వమ్మ ఊదుబత్తులు వెలిగించింది. ఊదుబత్తులు చూసి ఆటోలవాళ్లు నల్ల రిబ్బన్లు కట్టారు. ఒకడు బండేసుకుని, ఇస్రాయేలు కూలికి పోయిన పత్తిచేను దిక్కు ఉరికాడు. మెర్సీకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ పోయిన మనిషికి ఫోన్ చేయాలని ఎవరికి తోస్తుంది?

పోయిన మనిషి ఆ సమయానికి ఊరి బయట పంచర్ వేయించుకుంటూ, అడగవలసిన మాటను వల్లె వేసుకుంటోంది.

ట్రస్టు చైర్మన్ రామచంద్రంతో కలిసి కారు దిగిన బాలకృష్ణ దండ చూశాడు, పొగ చూశాడు. ఫ్లెక్సీ కట్టించింది తానేనన్న సంగతి కూడా మరిచి గుండె పట్టుకున్నాడు. "సార్, పిల్ల పోయినట్టుంది సార్!"

"అయ్యో పాపం! మన క్లాసుకు ఆమె పేరే పెడదాం. బోర్డుకు చెప్పెయ్" అన్నాడు రామచంద్రం. బాలకృష్ణ అక్కడికక్కడే పెయింటరుకు ఫోన్ చేశాడు. పక్కనే మీటింగు కోసం వేసిన టెంటు కింద సంతాప సభ మొదలైంది.

మెర్సీ వచ్చి స్కూటీ ఆపేసరికి అందరి వీపులూ ఆమె వైపే ఉన్నాయి. చివర నిలబడ్డ గుర్వమ్మను మెల్లగా అడిగింది. "ఎవరు పోయిండ్రు పెద్దమ్మా?"

గుర్వమ్మ వెనక్కి తిరగలేదు. "ఇస్రాయేలు బిడ్డ. పోనీ తియ్యి, గా కాళ్లతోని బతికి మాత్రం ఏం సుఖపడ్డది? దేవుడు సల్లగ సూసిండు" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

మెర్సీకి చెంప మీద కొట్టినట్టయింది. గుర్వమ్మ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అదే ఎక్కువ నొప్పి. ఇన్నేళ్లు నవ్వుతూ పలకరించిన మనిషి, తనకు చావే నయమని లోపల అనుకుంటూ ఉందా?

స్టేజీ మీద రామచంద్రం మైకు అందుకున్నాడు. "ఆ తల్లికి ఆఖరి కోరిక ఏమన్న ఉండెనా?"

"క్లాసు కిందికి దించాలని మస్తు అంటుండె సార్, నా హోటల్ కాడ" అన్నాడు చెన్నయ్య.

"అయ్యో, గంతేనా!" రామచంద్రం చెయ్యి పైకెత్తాడు. "ఆ తల్లి ఆత్మ సాక్షిగా చెప్తున్న..."

మెర్సీ ఊపిరి బిగబట్టింది. ఇంకొక్క నిమిషం చచ్చిపోయి ఉంటే పని అయిపోతుంది.

అంతలో చెప్పుల్లేని కాళ్లతో, తల నిండా పత్తి పీచుతో ఇస్రాయేలు పరుగెత్తుకొచ్చాడు. "మెర్సీ! ప్రభువా, నా బిడ్డా!"

ఇక ఆగడం ఆమె వల్ల కాలేదు. "బాపూ! నేనీడనే ఉన్న!"

గుర్వమ్మ తిరిగి చూసి కెవ్వుమంది. సగం టెంటు ఖాళీ అయింది. ఇస్రాయేలు బిడ్డ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. రామచంద్రం చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"బతికే ఉన్నదా? మంచిది, శాన మంచిది. క్లాసు సంగతి మరి... కమిటీల కూసోని మాట్లాడుదాం" అంటూ చెయ్యి మెల్లగా కిందికి దించాడు.

మెర్సీ స్టేజీ దగ్గరికి పోయింది. దానికీ మెట్లే. "మైకన్న జర కిందికి దించుండ్రి" అంది. చెన్నయ్య లాక్కొచ్చి ఇచ్చాడు.

"సార్, నేను చచ్చిపోతె దించుతనంటిరి. బతికున్నందుకు ఎక్కి రావాల్నా?"

మెర్సీ గుర్వమ్మ వైపు తిరిగింది. "నేను సావాలనుకోలే పెద్దమ్మా. కంప్యూటర్ నేర్సుకోవాలనుకున్న."

గుర్వమ్మ తల దించుకుంది. ముక్కు చీది, కొంగు నడుముకు చెక్కి, రామచంద్రం మీదికి పోయింది. "ఏమయ్యా, క్లాసు దించుతవా, నా ఊదుబత్తులు వాపస్ ఇస్తవా?"

జనమంతా "దించాలె, దించాలె" అన్నారు. రామచంద్రం చెయ్యి మళ్లీ పైకి లేవక తప్పలేదు.

ఆ తర్వాతి సోమవారమే క్లాసు కిందికి దిగింది. పెయింటరు మాట మీద నిలబడే మనిషి, బోర్డు కూడా ఆ రోజే తెచ్చి బిగించిపోయాడు. "మెర్సీ స్మారక కంప్యూటర్ కేంద్రం" అని ఉన్న ఆ బోర్డు కింది గదిలో, రోజూ హాజరులో మెర్సీ పేరు పిలిచినప్పుడు మొదటి బెంచీ నుంచి "ఉన్న మేడం" అని వినిపిస్తుంది.