నంబరున్న ముక్క

"ఈ మందు పడక పిల్లకేమైనా అయితేనో?" అంది తల్లి, ఇంకా ఏమీ కాకముందే.

చెవిలో చీముతో మంచమెక్కిన పన్నెండేళ్ళ కూతురు విసుక్కుంది. "కాసేపు ఆగమ్మా. కారణం దొరికాక భయపడుదువుగాని."

కారణం పదకొండింటికి టీవీలో దొరికింది. ఆరోగ్య మంత్రిగారు బొంగురు గొంతుతోనే ప్రజల కోసం మాట్లాడుతున్నారు. తన గొంతు తనకు లెక్కలేని మహానుభావుడు.

"ఈ యాంటీబయాటిక్‌లో ఒక్క బ్యాచ్ చెడింది. వెనక్కి తీసేసుకుంటున్నాం. నంబరు చూసుకోండి. 417 అయితే మింగొద్దు, షాపులో మార్చుకోండి. కాకపోతే మధ్యలో మానొద్దు. గొంతుకి నేనూ ఇదే వాడుతున్నా, మీలాగే వీధి షాపులో కొనుక్కుని!"

చప్పట్లు మోగాయి.

తల్లి అలమరలోంచి మందు తీసింది. నాలుగు మాత్రలున్న షీటు ముక్క, ఒక పక్క కత్తెర కోత. వెనక మందు పేరులో సగముంది. నంబరు లేదు. రెండింటికి పిల్లకు మాత్ర వెయ్యాలి. వేస్తే విషమేమో, మానితే చెవుడేమో!

డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"సారు అవగాహన సదస్సుకెళ్ళారు," అంది నర్సు.

"ఎవరికి అవగాహన?"

"సార్లకే."

మందుల షాపతను ఎంతో మర్యాదస్తుడు. "నంబరు చూపిస్తేనే మార్చమని ఆర్డరమ్మా."

"ఆ నంబరు కత్తిరించింది నువ్వే కదయ్యా!"

"ఎవరికెన్ని కావాలో అన్నే ఇస్తాం. అది మా సేవ."

"పోనీ పెట్టె చూడు."

"పొద్దున్నే డ్రగ్ ఇన్‌స్పెక్టరుగారొచ్చి షాపులో ఉన్న పెట్టెలన్నీ పట్టుకుపోయారు. నంబర్లు చూసే తీరిక లేదన్నారు." అతను గొంతు తగ్గించాడు. "మీ అదృష్టం చెప్పనా? మీ షీటులో పక్క ముక్క మంత్రిగారి డ్రైవరు తీసుకెళ్ళాడు. మీ పాపా, మంత్రిగారూ ఒకే షీటు!"

తల్లికి క్షణం ఛాతీ ఉప్పొంగింది. మరుక్షణం, ఆయనకేమైనా అయితే మా పిల్లకీ అదే అవుతుందేమోనని హడలిపోయింది.

నంబరు ఆ పక్క ముక్క మీదుంటుందన్న ఆశతో మంత్రిగారింటికెళితే పీఏ అడ్డం పడ్డాడు. "పింఛనా, బదిలీయా?"

"మంత్రిగారు మింగుతున్న మాత్ర గురించి బాబూ."

అతను పక్కకు తప్పుకున్నాడు.

మంత్రిగారు వేడినీళ్ళు పుక్కిలిస్తున్నారు. తల్లి చెప్పిందంతా ఓపిగ్గా విని, మెచ్చుకోలుగా పీఏ వైపు తిరిగారు. "చూశావటయ్యా, మన ప్రకటన ఇంటింటికీ చేరింది! నా మందు పట్రా, నంబరు చూసి చెబుదాం."

పీఏ తెచ్చాడు. నాలుగింటిలో మూడు గూళ్ళు ఖాళీ.

తల్లి తన ముక్కను మంత్రిగారి ముక్కకు ఆనించింది. వంకర కోత వంకర కోతలో అతికినట్టు కూర్చుంది. మంత్రిగారు కళ్ళజోడు పెట్టుకుని వెనక్కి తిప్పారు. మందు పేరు ఇప్పుడు మొత్తం వచ్చింది. దాని పక్కన 'బ్యాచ్' అన్న మాట కూడా వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ కత్తెర కోత.

"పది మాత్రల షీటులో ఇంకో రెండు మాత్రల ముక్క తక్కువండీ," అన్నాడు పీఏ.

గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పిల్లకి వెయ్యమంటారా, వద్దంటారా బాబూ?"

పీఏ పైకప్పు కేసి చూశాడు. మంత్రిగారి చెయ్యి మెల్లగా గొంతు మీదికి వెళ్ళింది.

మంత్రిగారు కళ్ళజోడు తీసి ఆవిడ వైపు వంగారు.

"ఆ మూడో ముక్క ఎవరు కొన్నారో షాపతనేమైనా చెప్పాడామ్మా?"