కలుపు దొరకని యంత్రం

మా వ్యవసాయ కంపెనీ ఉల్లి చేలో ఇకపై మనుషులు కలుపు తీయరాదనీ, కెమెరా కళ్లున్న యంత్రమే చూసి, ఆలోచించి పీకుతుందనీ మొన్న గోదాము గోడకు నోటీసు అంటించారు. యంత్రం పరీక్షలో నెగ్గితే పన్నెండు మంది కలుపు కూలీలకు ‘శాశ్వత విశ్రాంతి కల్పించబడును’ అని కూడా అందులో ఉంది. ఈ రోజుల్లో ఇంత దయ ఎవరికుంటుంది?

ముందు యంత్రానికి చదువు చెప్పాల్సి వచ్చింది. ఉల్లి మొలకకూ తుంగ గడ్డికీ తేడా దానికి తెలియదు, దాన్ని తెచ్చిన ఇంజనీరుకూ తెలియదు. ముప్పై ఏళ్లుగా కలుపు తీస్తున్న పెద్దక్కను ఏసీ గదిలో కూర్చోబెట్టి నాలుగు రోజులు ఫొటోలు చూపించారు. ‘‘ఇది ఉల్లి. ఇది తుంగ. ఇది నీ బూటు, బాబూ’’ అని ఆమె ఓపిగ్గా చెప్పింది. తన పని ఊడగొట్టేదానికి తానే ఓనమాలు దిద్దించే భాగ్యం అందరికీ పట్టదు.

పరీక్షకు పెద్దలు, వీడియోవాళ్లు వస్తున్నారని తెలిసి పెద్దక్క ముఠాను పోగేసింది. ఆమె తోడికోడలు గొణిగింది.

‘‘రేపు అది తియ్యలేకపోతేనే కదక్కా మన పని నిలబడేది. గడ్డి అలాగే వదిలేద్దాం.’’

‘‘చాల్లే. మన చేతిలో ఉన్న చేను. నలుగురూ వచ్చి కలుపు చూస్తే తల ఎక్కడ పెట్టుకోను?’’

పొద్దుగూకేలోగా పన్నెండు మందీ చేనంతా శుభ్రం చేసేశారు.

మర్నాడు యంత్రం ఆ చివరిదాకా ఠీవిగా వెళ్లి, ఒక్క మొక్కనూ ముట్టకుండా తిరిగొచ్చింది. ‘‘మిగిలిన కలుపు సున్నా’’ అని ఇంజనీరు ప్రకటించాడు. డైరెక్టరుగారు మైకు అందుకుని, యంత్రం పేరు వినగానే కలుపు మొలవడం మానేసిందనీ, ఇక మన సోదరీమణులు నడుం వంచనక్కర్లేదనీ సెలవిచ్చారు.

‘‘అయ్యా, అది నిన్న మేం తీశామండీ’’ అంది పెద్దక్క, గట్టు మీద నిలబడి.

‘‘చూశారా, యంత్రం వస్తోందంటేనే కూలీలకు ఎంత ఉత్సాహం పెరిగిందో’’ అన్నారు డైరెక్టరుగారు. చప్పట్లు మోగాయి.

పన్నెండు పేర్ల జాబితా టైపు చేసింది కంపెనీ గుమస్తానైన నేనే. సిగ్గేసింది. అయినా ఒక్క తప్పూ లేకుండా చేశాను.

పెద్దక్క మాటల చోట సంగీతం పెట్టి వీడియో వదిలితే లక్షల మంది చూశారు. మీరూ చూశారు. ‘గట్టు మీద అడ్డంగా ఉన్న ఆ మనిషిని పక్కకు జరిపితే యంత్రం ఇంకా బాగా కనిపించేది’ అని కింద రాశారు కూడా. మీ సూచనను యాజమాన్యం సాదరంగా స్వీకరించింది. జరిపేశాం.